బండారు అచ్చమాంబ

1874లో పుట్టిన బండారు అచ్చమాంబ బడికి వెళ్లలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పక్కన కూర్చుని ఇంట్లోనే చదువుకున్నారు. ఆడవాళ్లకు చదువు అబ్బదన్న వాళ్లకు ఆమె జవాబు 'అబలా సచ్చరిత్ర రత్నమాల'. పుస్తకం నిండా విదుషీమణుల, వీరవనితల జీవితకథలే. వాదన కాదు, సాక్ష్యాలు!

కడుపున పుట్టిన పిల్లలు పోయాక, దిక్కులేని పిల్లలను చేరదీసి చదివించారు. 1902లో మచిలీపట్నంలో స్త్రీ సమాజం పెట్టారు. ఆ ఏడాదే 'హిందూ సుందరి' పత్రికలో ఆమె కథ 'ధన త్రయోదశి' అచ్చయింది. పండగపూట పేదింట్లో భార్యాభర్తల మాటలతో సాగే కథ అది.

తొలి తెలుగు కథ అనగానే అందరూ గురజాడ 'దిద్దుబాటు' అంటారు. అది వచ్చింది 1910లో. అప్పటికి అచ్చమాంబ కన్నుమూసి అయిదేళ్లు.