గోషామహల్‌ను దానమిచ్చింది ఎవరు?



రాజు దానమిచ్చాడని ఎక్కడ చదివినా ముందు ఆ ఏటికి రాజు వయసెంతో లెక్కగట్టమనేవారు మాకు చదువు చెప్పిన మాస్టారు. ఆ అలవాటే నన్ను హైదరాబాదులో ఫ్రీమేసన్లనే సోదర సంఘం గుమ్మం దాకా తీసుకెళ్లింది. 1717లో లండన్‌లో వాళ్ల పెద్ద సభ గ్రాండ్ లాడ్జి ఏర్పడటం, పదిహేనేళ్లు తిరక్కుండానే ఆ సంఘం ఈస్టిండియా కంపెనీ దొరల వెంట కలకత్తా చేరడం మీకు తెలిసినవే. ఆర్కాటు నవాబు కొడుకు ఉమ్దతుల్ ఉమరా అందులో చేరిన ముచ్చటా పాతదే. దాటేద్దాం.

హైదరాబాదులోని గోషామహల్ బారాదరి 1682లో గోల్కొండ సుల్తాను తానీషా కట్టించిన విలాస భవనం. మన కూచిపూడిని అగ్రహారంగా ఇచ్చాడని చెప్పుకునే తానీషాయే. అయిదేళ్లకే గోల్కొండ పడిపోయింది. ఆ భవనం 1872లో మేసన్ల చేతికొచ్చింది. రాణివాసపు విలాసాల కోసం కట్టిన చోట నలుపు తెలుపు గళ్ల నేల, తూర్పు దిక్కున అధ్యక్షుడి కుర్చీ, నడుములకు తెల్లతోలు ఏప్రన్లు, గుర్తుగా తాపీమేస్త్రీల మూలమట్టం, వృత్తలేఖిని వెలిశాయి. తలుపులు మూసి జరిపే తంతు కాబట్టి ఊళ్లో పుకార్లకు కొదవుండదు. గోల్కొండ దాకా సొరంగం ఉందన్న కథా అందులో ఒకటి.

ఇక నా తగాదా. ‘ఆరో నిజాం ఔదార్యంతో దానమిచ్చాడు’ అని ఒకరు రాస్తే తక్కినవాళ్లంతా ఎత్తి రాసుకున్నారు. మహబూబ్ అలీ ఖాన్ పుట్టింది 1866లో. గద్దెనెక్కింది 1869లో. 1872 నాటికి ఆయనకు ఆరేళ్లు! అక్షరాలు దిద్దుకునే పిల్లవాడికి మేసన్ల మీద ఔదార్యం ఎక్కణ్ణుంచి వచ్చింది? ‘ఫర్మానా నిజాం పేరిటే కదండీ’ అని ఒక పండితుడు సభలోనే నన్ను నిలదీశారు. పేరిటే, కాదన్నదెవరు? మైనరు పేరిట పొలం అమ్మితే సంతకం ఎవరిదో తిరువూరు రిజిస్ట్రారాఫీసు గుమ్మంలో ఎవర్నడిగినా చెబుతారు. అధికారాలు మహబూబ్ అలీ చేతికి వచ్చింది 1884లో. అప్పటిదాకా నడిపింది రీజెన్సీ, అందులో పెద్ద బుర్ర దివాన్ మొదటి సాలార్ జంగ్. నిజాం రాజ్యంలోని బీరారును 1853లో ఇంగ్లీషువాళ్లు లాక్కున్నారు. దాన్ని రాబట్టాలని సాలార్ జంగ్ ఏళ్ల తరబడి వాళ్ల చుట్టూ తిరిగాడు. దొరలు కొలువుతీరే సంఘానికి ఒక పాత మహలు ఇచ్చి మంచి చేసుకోవడం ఆయన లెక్కలో ఎంత? ఇది ఔదార్యం కాదు, రాజకీయం అని నా వాదం. బీరారు మాత్రం రాలేదు.

అదే 1872లో కలకత్తాలో ప్రసన్నకుమార్ దత్తు అనే హిందువును, తొమ్మిదేళ్లు గుమ్మంలో నిలబెట్టాక, లాడ్జిలో చేర్చుకున్నారు. అందరూ సోదరులేనన్న సంఘమిది! ఆ తొమ్మిదేళ్ల మీదే ఒక పూట మాట్లాడాలి గానీ, మన సభాధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు.

గబగబా చెప్పేస్తాను. దొరలు వెళ్లారు, నిజాం రాజ్యం పోయింది, లాడ్జి నిలిచింది. 1961 నవంబరు 24న ఢిల్లీలో గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియా ఏర్పడింది. తొలి గ్రాండ్ మాస్టర్ రాంపూర్ నవాబు రజా అలీ ఖాన్. గోషామహల్లో సమావేశాలు ఆ తర్వాతా సాగాయి. సొరంగం సంగతి భోజనాల దగ్గర అడగండి.