సంతకం తెలుగులో, కాగితం కన్నడంలో

శాలువా కప్పారు, దండ వేశారు, నా గురించి నాకే తెలియని గొప్పలు చెప్పారు. ఇక చాలు. కన్నడంలో రెండు మాటలు చెప్పి, తర్వాత తెలుగులో మాట్లాడతానంటే పెద్దలు ఒప్పుకున్నారు. ఇవాళ పట్టాలు పుచ్చుకోబోతున్న ఈ జాలహళ్ళి పిల్లలకు నా తెలుగు ఎలాగూ అందుతుంది. అందులో సగం కన్నడమేనని మా ఆవిడ ఫిర్యాదు.

నేను క్యాంపు పిల్లవాణ్ణి. 1953లో తుంగభద్ర డ్యాము నీళ్ళు మొదలయ్యాక కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు అక్కడ ఎకరం అమ్మి ఇక్కడ నాలుగైదు ఎకరాలు కొన్నారు. సింధనూరు, కారటగి, గంగావతి చుట్టుపక్కల జొన్నచేల మధ్య గుడిసెలు వేశారు. వాటికి క్యాంపులని పేరు పడింది. మేడలు లేచాయి, రైసు మిల్లులు వచ్చాయి, మనవలకు పెళ్ళిళ్ళయ్యాయి, అవి ఇంకా క్యాంపులే! నారాయణపుర కుడికాలువ మీ దేవదుర్గ వైపు వచ్చాక మా చుట్టాలు కొందరు ఇటు కూడా కౌలుకు దిగారు. బడిలో నన్ను ఆంధ్రావాడు అనేవారు. ఎండాకాలం సెలవులకు అమ్మమ్మ ఊరు వెళితే కన్నడంవాడు అనేవారు. గోంగూర మేమే తెచ్చామని మా అమ్మ గర్వం. తీరా చూస్తే ఇక్కడివాళ్ళు అదే ఆకుతో పుండి పల్య చేసుకుని జొన్నరొట్టెతో ఎప్పటినుంచో తింటున్నారు.

మా అన్నయ్య మనవరాలిదీ ఇలాంటి కథే, ఆమె పుట్టింది అమెరికాలో. కాలేజీలో ఆమె గదిలో ఉండేది ఒక కొరియా అమ్మాయి. ఇద్దరికీ ఒకటే తంతు: ఇంట్లో ఒక భాష, గడప దాటితే ఇంకొకటి. 1965లో అమెరికా వలస చట్టం మారాకే ఆ అమ్మాయి పెద్దలకూ మనవాళ్ళకూ అక్కడ తలుపు బాగా తెరుచుకుంది. ఆ ఇద్దరూ కలిసి నాకు ‘మినారి’ అనే సినిమా చూపించారు. తీసినవాడు లీ ఐజాక్ చంగ్. కొరియా నుంచి వెళ్ళిన తల్లిదండ్రులకు 1978లో డెన్వర్‌లో పుట్టి, అర్కాన్సా రాష్ట్రంలో ఒక చిన్న పొలంలో పెరిగాడు. కథ కూడా దాదాపు అదే. తండ్రి కొత్త నేల మీద కొరియా కూరగాయలు పండిస్తానంటాడు, తల్లి వద్దంటుంది, అమ్మమ్మ వచ్చి వాగు ఒడ్డున మినారి అనే ఆకుకూర నాటుతుంది. చూస్తున్నంతసేపూ ఇది మా క్యాంపే కదా అనిపించింది.

అమెరికావాడు, అమెరికా డబ్బుతో, అమెరికా నేల మీద తీసిన ఆ సినిమాకు 2021లో గోల్డెన్ గ్లోబ్ వాళ్ళు ఇచ్చింది ఏ బహుమతి అనుకున్నారు? ఉత్తమ విదేశీ భాషా చిత్రం! ఉత్తమ చిత్రం పోటీకి మాటల్లో సగమైనా ఇంగ్లీషు ఉండాలని అప్పట్లో వాళ్ళ నిబంధన. అదే ఏడు అమ్మమ్మ వేషం వేసిన యూన్ యూ-జంగ్‌కు ఆస్కార్ వచ్చిందనుకోండి. నాకు మాత్రం ఆ విదేశీ అనే గడి దగ్గరే మనసు ఆగిపోయింది. ఆ గడి నాకు బాగా పరిచయం.

ఇంకో సంగతి. ఆ చంగ్ యేల్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చదివాడు, డాక్టరు కావాలని. ఆఖరి ఏడాదిలో సినిమాల పిచ్చి పట్టి దారి మార్చుకున్నాడు. అమ్మానాన్నలూ, ఈ ముక్క మీరు విననట్టు ఉండండి.

నా దారి అంత రంగులది కాదు. గ్రామీణ బ్యాంకులో గుమాస్తాగా చేరి, పంట రుణాలు చూసే ఫీల్డ్ ఆఫీసరుగా రిటైరయ్యాను. నా ఉద్యోగం మొత్తంలో చూసింది ఒకటే: రైతు సంతకం తెలుగులో ఉంటుంది, కాగితం కన్నడంలో ఉంటుంది. ఒక పెద్దాయన కౌలు పత్రం పట్టుకుని అప్పుకు వచ్చాడు. అయిదేళ్ళ కౌలు అనుకుని రేగడి నేల చదును చేయించాడు, గట్లు పోయించాడు. నేను పత్రం చదివి వినిపిస్తే అందులో ఉన్నది రెండేళ్ళు. భూమి ఇచ్చినాయన మోసగాడు కాడు. నోటితో అనుకున్నది ఒకటి, దస్తావేజు రాసినవాడు రాసింది ఇంకొకటి. ఇటువైపూ అంతే. మిల్లులో వడ్లు తూచి తెలుగులో చీటీ రాసిస్తే, తేమకు ఎంత కోశారో తెలియక కన్నడ రైతులు ఆ చీటీలు నా టేబులు మీద పెట్టేవారు. 2000 తర్వాత ‘భూమి’ పథకం వచ్చి పహణీలన్నీ కంప్యూటరెక్కాయి. చదవలేనివాడికి అచ్చు కాగితమైనా చేతిరాతైనా ఒకటే కదా! నాకు అటూ ఇటూ అక్షరాలు వచ్చు. బ్యాంకులో నా పరపతి అంతా అదే. మరో గొప్ప ఏమీ లేదు.

ఇక మీ సంగతికి వస్తాను, కోప్పడితే కోప్పడండి. క్యాంపు పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. కన్నడ పిల్లలకు కన్నడం చదవడం వచ్చు, రాయడానికి బద్ధకం. అందరూ కలిసి ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగూ కన్నడమూ కొడతారు. మొన్న మా వీధిలో ఒక ముసలాయన ఫోను పట్టుకుని గాభరాగా వచ్చాడు, బ్యాంకు నోటీసేమోనని. చూస్తే మనవరాలు పంపిన పుట్టినరోజు శుభాకాంక్షలు! ఏమ్మా, ఆయన చదవగలిగే అక్షరాలు నీ ఫోనులో లేవా? కన్నడ బడిలో చదివినవాళ్ళకు తెలుగు లిపి ఎంతసేపు? శాసనాల కాలంలో రెండు భాషలకూ దాదాపు ఒకటే లిపి. అక్కడక్కడ తలకట్టు మారింది, కొన్ని అక్షరాలు మెలి తిరిగాయి, అంతే. మన జిల్లాలోనే మస్కి ఉంది. అశోకుడి పేరు నేరుగా చెక్కిన శాసనం 1915లో బీడన్ అనే బంగారు గనుల ఇంజినీరు కంట పడింది అక్కడే. ఆ బ్రాహ్మీ లిపిలోంచే రెండూ దిగాయి. మీలో ఎంతమంది వెళ్ళి చూశారు? చేతులెత్తక్కర్లేదు, నాకు తెలుసు.

మిమ్మల్ని ఏ గడిలో వేయాలో రేపు ఉద్యోగాల దగ్గర, పెళ్ళి సంబంధాల దగ్గర ఎవరో ఒకరు తేలుస్తూనే ఉంటారు. దాని మీద వాదనకు దిగి పొద్దు పుచ్చకండి. రెండు వైపుల కాగితాలూ చదవగలిగే మనిషి కోసం జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారు. నా దగ్గరికి ఇప్పటికీ వస్తున్నారు, పింఛను తీసుకుంటున్నా వదలరు.

ఇప్పుడు పట్టాలు ఇస్తారు. పుచ్చుకుని ఫోటోల కోసం పరుగెత్తకండి. మీ పేరు, మీ నాన్నగారి పేరు కన్నడంలో ఎలా పడ్డాయో, ఇంగ్లీషులో ఎలా పడ్డాయో ఇక్కడే నిలబడి చూసుకోండి. క్యాంపు పిల్లలూ, మీ ఇంటిపేర్ల సంగతి మరీ జాగ్రత్త. తప్పుంటే ఆఫీసు మూసేలోపే చెప్పండి, తర్వాత ఎన్ని కౌంటర్లు తిప్పుతారో నన్నడగండి.