పోకరు బల్లపై ఎవరి వాటా ఎంత?

(ఇందిరాపురంలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దీపావళి సమీపిస్తున్న తరుణంలో ఈ విషయాన్ని నేటి కార్యక్రమంలో చేర్చవలసినదిగా కోరినవారు మన సభ్యులు కారు. వారి ఇండ్లలోని స్త్రీలు. ముందుగా వారికి మా కృతజ్ఞతలు. దీపావళి రాత్రి పేక ఆడనివాడు మరుజన్మలో గాడిదయై పుడతాడని ఈ ప్రాంతంలో ఒక వాడుక ఉన్నది. దానిని విని నవ్వే అర్హత మనకు లేదు. సంక్రాంతి మూడు దినాలు గోదావరి జిల్లాల కోడిపందెపు బరుల ప్రక్కన గుండాట, మూడు ముక్కలాట ఎట్లా సాగుతాయో మనం ఎరుగనివి కావు. సికింద్రాబాదు, కాజీపేట, విజయవాడ, గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో డ్యూటీ దిగిన తరువాత పేకబల్ల చుట్టూ చేరినవారు ఈ సభలో పలువురు ఉన్నారు. మేము కూడ చేరినవారమే. కావున పేకముక్క ముట్టినవాడు పతితుడని చెప్పడానికి మేము రాలేదు.

మేము చెప్పదలచినది వేరు. కొంతకాలంగా ఈ చుట్టుపట్ల అద్దె ఫ్లాట్లలోను, ఊరి వెలుపలి ఫారంహౌసులలోను పోకరు గదులు నడుస్తున్నాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలను, అవి నైపుణ్యపు ఆటలైనా అదృష్టపు ఆటలైనా, నిషేధించినది. అది మంచిదే. అయితే ఫోనులో ఆడుతున్నవారిలో కొందరు మానివేయగా, కొందరు గది వెదుక్కున్నారు. అట్లా వెదుక్కున్న మన సోదరుడు ఒకరి సంగతి ఈ ప్రసంగానికి మూలం. ఆయన అనుమతితోనే చెబుతున్నాము.

ఆటను ఎరుగనివారి కొరకు రెండు మాటలు. ప్రతి ఆటగానికి రెండు ముక్కలు బోర్లించి పంచుతారు. బల్ల మధ్య అయిదు ముక్కలను, మొదట మూడు, ఆపైన ఒకటి, చివరకు మరొకటి, అందరికీ ఉమ్మడిగా తెరుస్తారు. ఈ ఏడింటిలో మేలైన అయిదింటిని కూర్చుకున్నవానిది గెలుపు. ప్రతి దశలోను పందెం పెంచవచ్చు, ఎదుటివానితో సరిపెట్టవచ్చు, లేదా ముక్కలు పడవేసి తప్పుకోవచ్చు. చేతిలో ఏమీ లేకపోయినా నిబ్బరంగా పందెం పెంచి ఎదుటివారిని తప్పించడం కూడ ఆటలో భాగమే. రెండు ఆసులు చేతికి రావడం సగటున 221 పంపకాలలో ఒకసారి. నాలుగు ఇస్పేట్లు కూడిన తరువాత ఇంకా రెండు ముక్కలు తెరవవలసి ఉన్నపుడు అయిదవ ఇస్పేటు పడే అవకాశం మూడింట ఒకవంతు కంటె కొంచెం ఎక్కువ. ఇటువంటి లెక్కలు నోటికి వచ్చినవాడు, ఓర్పు గలవాడు, ఎదుటివాని ముఖం చదవగలవాడు దీర్ఘకాలంలో తక్కినవారి కంటె మెరుగుగా ఆడతాడు. ఈ మాట ఒప్పుకోకుండా ఉద్యోగులకు బుద్ధి చెప్పబోతే వారు మనలను లెక్కచేయరు. పోకరులో నైపుణ్యం ఉన్నది.

మన సోదరుడు కూడ ఆ మాటనే పట్టుకున్నాడు. ఆయన తపాలా కౌంటరులో పనిచేసే వ్యక్తి, లెక్కలలో దిట్ట, సాయంకాలం నగదు సరిచూడడంలో పైసా తేడా రానివ్వని మనిషి. పదునాలుగు నెలలలో 61 సార్లు గదికి వెళ్ళాడు. పొదుపు సంఘంలో అప్పు తీసుకున్నాడు. భవిష్యనిధి నుండి అడ్వాన్సు తీసుకున్నాడు. కుమార్తె కాలేజీ రుసుము కొరకని ఇంట్లో చెప్పాడు. తరువాత గది నడిపేవాడే చిల్లబిళ్ళలు అరువిచ్చి పుస్తకంలో పద్దు రాసుకోసాగాడు. ఇది ఎవరి ద్వారా మాకు తెలిసినది? ఆయన ద్వారా కాదు. పొదుపు సంఘం అప్పుకు హామీ సంతకం చేసిన సహోద్యోగి ద్వారా. వాయిదాలు తప్పితే తన జీతంలో కోత పడుతుందని భయపడి ఆ హామీదారు మా వద్దకు వచ్చాడు.

మేము ఆయనను పిలిపించినపుడు ఒక నోటుబుక్కు వెంట తెచ్చాడు. తాను జూదరి కాదని, శాస్త్రీయంగా ఆడుతున్నానని చూపడానికి తెచ్చాడు. ప్రతి రాత్రి ఎన్ని గంటలు కూర్చున్నదీ, ఎంత పట్టుకెళ్ళినదీ, ఎంత మిగిలినదీ అందులో ఉన్నది. మొత్తం మీద పోయినది 92 వేల రూపాయలు. కొన్ని రాత్రులు చెడ్డ ముక్కలు పడ్డాయని, లేకపోతే తాను ఆ బల్లపై రెండవ స్థాయి ఆటగాడినని ఆయన అన్నాడు. మేము వాదించలేదు. ఆ పుస్తకంలో లేని ఒక పద్దును మాత్రం ఆయన చేతనే వేయించాము.

ఆ గదిలో ప్రతి ఆటకూ బల్ల మధ్య పోగైన సొమ్ములో నూటికి అయిదు రూపాయల వంతున, నూరు రూపాయలకు మించకుండా, నడిపేవాడు తీసుకుంటాడు. దీనిని ఈ ప్రాంతపు హిందీలో 'నాల్' అంటారు. ఆటకు సగటున 1,200 రూపాయలు పోగవుతుందని ఆయనే చెప్పాడు. అంటే ఆటకు 60 రూపాయల నాల్. గంటకు 25 ఆటలు. గంటకు 1,500 రూపాయలు. తొమ్మండుగురు కూర్చుంటే తలకు సుమారు 167 రూపాయలు. రాత్రికి అయిదు గంటల వంతున 61 రాత్రులకు లెక్క కడితే సుమారు 51 వేలు. ఈ సొమ్ము ఏ ఆటగాని జేబులోనికీ పోలేదు. ఆయన తక్కినవారికి ఓడినది 41 వేలు మాత్రమే. సగానికి మించినది, బల్లపై ఒక్క ముక్క కూడ ముట్టనివానికి చెల్లించాడు. ముక్కలు పంచే కుర్రవానికి ఇచ్చిన బక్షీసులు, ఫలహారాలు ఇందులో చేరలేదు.

ఆయన చాలసేపు మాట్లాడలేదు. "మా ఆఫీసులో మనీయార్డరు కమీషను నేనే లెక్కకడతాను, నాకు ఇది తోచలేదు" అన్నాడు.

సోదరులారా, తొమ్మండుగురు తలా అయిదు వేలు తెచ్చి కూర్చున్నారనుకోండి. బల్లపై 45 వేలు. అయిదు గంటలలో ఏడున్నర వేలు గదివానికి పోయినవి. తెల్లవారుజామున లేచేటపుడు ఆ తొమ్మండుగురి వద్ద కలిపి ముప్పదియేడున్నర వేలే ఉంటుంది. ఎవరు ఎంత నిపుణులైనా ఈ మొత్తం మారదు. ఒకరిద్దరు లాభంతో లేస్తారు. తక్కినవారి నష్టం వారి లాభమంత కాదు, దానికి మించి ఏడున్నర వేలు. ఆ ఒకరిద్దరూ రాత్రి డ్యూటీ చేసి, నిద్ర కళ్ళతో, వాయిదా కట్టవలసిన తొందరతో వచ్చినవారు అయి ఉంటారా? అటువంటివారు రావాలనే గదిలో ఎదురుచూసేవారు ఉంటారు. 2003లో టెనెసీ రాష్ట్రానికి చెందిన క్రిస్ మనీమేకర్ అనే గణకుడు, ఇంటర్నెట్టులో చిన్న పోటీ గెలిచి అర్హత పొంది, లాస్ వేగాస్ ప్రపంచ పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ పోటీలో 839 మంది ఆడారు. మరుసటి సంవత్సరం 2,576 మంది వచ్చారు. గణకుడు గెలిచాడన్న వార్త మన సోదరునికి కూడ తెలుసును. ఓడిన 838 మందిలో గణకులు ఎందరో ఏ పత్రికా రాయలేదు.

ఇక చట్టం మాట. "సుప్రీంకోర్టు పేకాటను ఒప్పుకున్నది కదా" అని మాతో వాదించేవారు పలువురు. ఆ తీర్పు మన సికింద్రాబాదుదే కాబట్టి దానిని సరిగా తెలుసుకోవడం మనకు విధి. 1963లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై పోలీసులు దాడి చేసి, పందెం పెట్టి రమ్మీ ఆడుతున్నవారిని పట్టుకున్నారు. మేజిస్ట్రేటు శిక్ష వేయగా హైకోర్టు కొట్టివేసినది. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళగా, 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా రాసిన తీర్పు ప్రభుత్వ అప్పీలును త్రోసిపుచ్చినది. పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకొని, ఉంచుకోవలసినవి ఉంచుకొని, విడువవలసినవి విడవడంలో నైపుణ్యం ఉన్నందున రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని, మూడు ముక్కలాట కేవలం అదృష్టమని కోర్టు చెప్పినది. మనవారు ఇంతవరకే చదువుతారు. క్లబ్బు సభ్యుల నుండి బల్లకు స్వల్ప రుసుము తీసుకోవడం తప్పు కాదని, ఆట మీద యజమాని లాభం గడిస్తున్నట్లయితే నేరం కావచ్చునని కూడ అదే తీర్పులో ఉన్నది. ఇన్‌స్టిట్యూటు బల్లకు, ఫ్లాటులోని గదికి గల భేదం అక్కడ ఉన్నది.

పోకరు విషయంలో హైకోర్టులే ఏకాభిప్రాయంతో లేవు. 2017లో గుజరాతు హైకోర్టు అది అదృష్టపు ఆట అన్నది. 2024 ఆగస్టులో అలహాబాదు హైకోర్టు, ఆగ్రాలో పోకరు, రమ్మీ కేంద్రం నడపడానికి అనుమతి కోరినవారి కేసులో, అవి నైపుణ్యపు ఆటలని, కేవలం ఊహలపై ఆధారపడి అనుమతి నిరాకరించరాదని చెప్పినది. అనుమతి అడిగి, అధికారుల తనిఖీకి లోబడి నడిపేవారి కేసు అది. తలుపు మూసి, ఫోను కబురు మీద పిలిచి నడిపే ఫ్లాటుకు అది రక్ష కాదు. మన తెలంగాణలో 2017లో చట్టం సవరించి రమ్మీకి కూడ మినహాయింపు లేకుండా చేశారు. ఇక్కడ గాజీపూర్ సరిహద్దుకు అటు ఢిల్లీలో 1955 నాటి చట్టం, ఇటు ఘాజియాబాదు జిల్లాలో 1867 నాటి చట్టం. ఆ పాత చట్టం ప్రకారం యజమాని లాభం కొరకు నడిపే గదిలో ఉన్నవాడు కూడ నేరస్థుడే. మూల చట్టంలో జుల్మానా నూరు రూపాయలు లేదా నెల ఖైదు. నూరు రూపాయలేనా అని నవ్వవద్దు. నలుబది ఎనిమిది గంటలకు మించి నిర్బంధంలో ఉన్న ఉద్యోగి సస్పెండయినట్లే లెక్క. తపాలావారికి 1965 నిబంధనలలోను, రైల్వేవారికి 1968 నిబంధనలలోను ఈ సంగతి ఉన్నది.

కాసినోల గురించి ఎక్కువ చెప్పము. గోవాలో 1976 చట్టానికి 1992లో చేసిన సవరణతో దారి తెరుచుకొని, నేడు మాండవి నదిలో ఓడలపై బల్లలు నడుస్తున్నాయి. సిక్కింలో 2002 చట్టం ఉన్నది. అక్కడ లైసెన్సు ఉన్నది, పన్ను ఉన్నది, పోలీసు భయం లేదు; నాల్ మాత్రం అక్కడా ఉన్నది. నేపాలు ప్రభుత్వం తన పౌరులను కాసినోలలోనికి రానివ్వదు. మనకు మాత్రం స్వాగతం. నిజాముద్దీను నుండి గోవా ఎక్స్‌ప్రెస్‌లో పాసు మీద సముద్రం చూడడానికి కుటుంబంతో వెళ్ళి, రాత్రి ఒంటరిగా ఓడ ఎక్కినవారు ఉన్నారని విన్నాము. ఆ సంగతి వారి భార్యలు అడగవలసినది.

మరల మన సోదరుని వద్దకు వస్తాము. ఆయన మాకు చివర చెప్పిన సంగతి ఇది. ఒక శనివారం సాయంకాలం గదివాడు అరువు సొమ్ము సోమవారంలోగా కట్టమన్నాడు. ఆయన చేతిలో ఆనాటి కౌంటరు నగదు ఉన్నది. ఆదివారం రాత్రి గెలిచి సోమవారం ఉదయం పెట్టివేయవచ్చునని అనుకున్నాడు. సంచిని పది నిమిషాలు పట్టుకొని నిలబడి, తిరిగి ఖజానాకు అప్పగించాడు. మరునాడు పెట్టివేసినా అది ప్రభుత్వోద్యోగి చేసిన నమ్మకద్రోహమే. నేటి న్యాయసంహిత 316వ సెక్షనులో దానికి యావజ్జీవ శిక్ష వరకు ఉన్నది. ఆ పది నిమిషాలు మరొక విధంగా ముగిసి ఉంటే ఏ సమాఖ్యా ఏ వకీలూ ఆయనను కాపాడగలిగేవారు కారు.

ఉభయ శాఖల ప్రవర్తనా నిబంధనలలోను 17వ నిబంధన అలవాటుగా అప్పులపాలు కావడాన్ని తప్పుగా పరిగణిస్తుంది. అప్పు వసూలుకు కోర్టు వ్యవహారం మొదలయితే వెంటనే పై అధికారికి తెలియజేయవలసి ఉన్నది. దాచిపెట్టడం రెండవ తప్పు. ఈ భయం వలననే చాలమంది చివరి క్షణం వరకు మా వద్దకు రారు. ఆయన విషయంలో పొదుపు సంఘంతో మాట్లాడి వాయిదాలు పొడిగించాము. హామీదారు జీతానికి కోత రాలేదు. గదివాని అరువుకు సంబంధించి ఒక న్యాయవాదిని కలిపించాము. జూదపు పందెపు బాకీని కోర్టులో వసూలు చేసుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ఇవ్వదని ఆయన చెప్పిన తరువాత ఆ కబుర్లు ఆగినవి. ఇంట్లో చెప్పవలసినది మాత్రం ఆయనే చెప్పాడు. మేము తోడు వెళ్ళాము గాని గుమ్మం బయటనే నిలిచాము.

ఈ నెల రెండవ శనివారం సాయంకాలం నుండి మన కార్యాలయంలో ఇద్దరు సభ్యులు ఇందుకొరకే కూర్చుంటారు. అప్పుల వివరాలు, వాయిదా రసీదులు తీసుకొని రండి. భార్యలు, హామీదారులు కూడ విడిగా రావచ్చును. ఉద్యోగి సంతకం అవసరం లేదు. ఆ నోటుబుక్కు నకలును పేరు తొలగించి ద్వారం ప్రక్క బల్లపై ఉంచాము. టీ విరామంలో చూడదలచినవారు చూడవచ్చును. ఇంటికి మాత్రం తీసుకుపోవద్దు, ఒక్కటే ప్రతి ఉన్నది.