చక్రాల కుర్చీతో విడిది

ఊరు విడిచి నాలుగు దినములు మరియొక చోట బస చేసి, సముద్రమునో కొండనో చూచి వచ్చుట మనవారికి క్రొత్త కాదు. ఒకప్పుడు సత్రములుండెడివి, పూటకూళ్ల యిండ్లుండెడివి. ఓరుగంటిలో ఒక రూకకు దొరకు పూటకూళ్ల భోజనమును క్రీడాభిరామము నోరూరునట్లు వర్ణించినది. ఆ యింటి గడప ఎత్తెంతయో, వీధి నుండి అరుగు మీదికి మెట్లెన్నియో మాత్రము ఆ పద్యములో లేదు. ఉండవలసిన పనియు లేదు. నడువగలవారు మెట్లను లెక్కింపరు. నేను లెక్కింతును.

నాకు రెండవ యేట పోలియో వచ్చినది. సహజ పోలియో వైరసు వలన మన దేశములో చివరి కేసు కనబడినది 2011 జనవరిలో. 2014 మార్చిలో మన ప్రాంతము ఆ వ్యాధి నుండి విముక్తి పొందినట్లు ప్రకటించిరి. సంతోషింపవలసిన విషయమే. అయినను అంతకుముందు ఆ వ్యాధి పాలైనవారము చాలమందిమి ఇంకను ఉన్నాము, ఉద్యోగములు చేయుచున్నాము, సెలవులు వచ్చినప్పుడు అందరివలెనే ఎక్కడికైనను పోవలెనని కోరుకొనుచున్నాము. నలువది యేండ్లు దాటువరకు నేను కాలిపర్లతోను చంకకర్రలతోను నడిచితిని. భుజములు అరిగిపోయిన పిమ్మట వైద్యులు చెప్పగా చక్రాల కుర్చీకి మారితిని. అది నన్ను బంధించినదని చూచువారనుకొందురు. నిజమునకు దానితోనే నేను దూరప్రయాణములు చేయుట నేర్చుకొంటిని.

మడిచి కారులో పెట్టుకొనదగిన కుర్చీ పుట్టి నూరేండ్లు కాలేదు. 1918లో గని ప్రమాదమున వెన్ను విరిగిన హెర్బర్ట్ ఎవరెస్ట్ అను అమెరికా ఇంజనీరు, తన మిత్రుడు హారీ జెన్నింగ్స్‌తో కలిసి, 1930 తరువాతి సంవత్సరములలో, క్రింద అడ్డముగా రెండు ఇనుప కడ్డీలు కత్తెరవలె అమరి ముడుచుకొను కుర్చీని తయారుచేసెను. ఈనాడు మనము ఆస్పత్రులలో, రైలు స్టేషనులలో చూచు కుర్చీలలో చాలవరకు దాని సంతతియే. అంతకుముందు కుర్చీ ఇంటికి సంబంధించిన సామాను. తరువాత ప్రయాణపు సామాను అయినది. కుర్చీ ప్రయాణమునకు సిద్ధమైనది గాని, దిగవలసిన హోటళ్లు మాత్రము ఇంకను సిద్ధము కాలేదు.

హోటలు గది కొరకు టెలిఫోను చేయునప్పుడు నేనడుగు మొదటి ప్రశ్న, మీ వాకిట మెట్లు ఉన్నవా అని. ఎల్లప్పుడును వచ్చు జవాబు, “లేవండీ.” రెండవసారి అడుగుదును. “అసలు లేవా?” అప్పుడు కొంచెమాగి, “రెండే ఉన్నాయండీ” అందురు. ఆ ‘రెండే’ అను మాటలో ఎంతటి మంచితనమున్నదో నేనెరుగుదును. కాని చక్రమునకు రెండును ఇరువదియు ఒక్కటియే. అందుచేత ఇప్పుడు, ఉన్నవా లేవా అని అడుగుట మాని, “ఎన్ని?” అని అడుగుచున్నాను. స్నానపు గది తలుపు వెడల్పు ఎన్ని అంగుళములో టేపు పెట్టి కొలిచి చెప్పుమందును. ఆ తలుపు లోపలికి తెరచుకొనునా, వెలుపలికా? మంచము ఎత్తెంత? లిఫ్టు నేలమట్టము నుండియే ఎక్కవచ్చునా, లేక అర అంతస్తు ఎక్కిన తరువాత మొదలగునా? ఈ ప్రశ్నలు విని కొందరు నేను ఇల్లు కొనవచ్చితినని భ్రమపడుదురు.

2023 డిసెంబరులో మా అక్క, అక్క కూతురు, నేను విశాఖపట్టణములో సముద్రమునకెదురుగా ఒక హోటలులో మూడు రాత్రులు ఉంటిమి. పేరుతో పనిలేదు, ఇట్టివి మన రాష్ట్రములలో ఎన్నియో కలవు. టెలిఫోనులో వాలుబాట ఉన్నదనిరి. ఉన్నమాట నిజమే. అది సామానుల బండ్ల కొరకు పెరటివైపున వంటయింటి ప్రక్కన కట్టినది. మూడు మెట్ల ఎత్తును నాలుగడుగుల పొడవులో ముగించినారు. వాలుబాటకు లోకమంతట అంగీకరించిన లెక్క ఒకటున్నది: ఒక అడుగు ఎత్తుకు పండ్రెండడుగుల పొడవు. ఆరేసి అంగుళముల మెట్లు మూడైనచో ఎత్తు అడుగున్నర. వాలు పదునెనిమిది అడుగులు ఉండవలెను. నాలుగడుగుల వాలు మీద కుర్చీని వెనుకనుండి త్రోయువాడు చేయి జారినచో, కూర్చున్నవారు తలక్రిందులుగా వంటయింటిలోనికే పోవుదురు.

అప్పుడు ముందు వాకిటి పనివారు వచ్చిరి. “అమ్మగారూ, మీరు కదలకుండా కూర్చోండి, నలుగురం పట్టి ఎత్తేస్తాం. పూలపల్లకీలా తీసుకెళతాం” అని ఒక పిల్లవాడు ఉత్సాహముగా అనెను. అతని మనసులో దోషము లేదు. కాని పరాయి మగవారు నలుగురు నాలుగు వైపుల పట్టుకొని, వచ్చిపోవువారందరు చూచుచుండగా, నేను గాలిలో వ్రేలాడుచు మూడు దినములు వెలుపలికి పోవునప్పుడెల్ల, లోనికి వచ్చునప్పుడెల్ల అట్లే జరుగవలెనన్నచో, నేనిక వెలుపలికే పోను. పల్లకీ ఎక్కినవారికి ఎప్పుడు దిగవలెనో చెప్పు అధికారముండెడిది. మోయబడు కుర్చీలో అది ఉండదు. నేను వలదంటిని. అక్కకు నా పట్టుదల కొంచెము కష్టముగా తోచినది. “ఒక్కసారికే కదే” అనినది. ఒక్కసారి కాదని ఆమెకును తెలియును. చివరకు మేనేజరుగారు మండపపు పని జరుగుచున్న మరియొక చోటి నుండి రెండు పొడుగు చెక్కపలకలు తెప్పించి, ఇటుకల ఆసరాతో మెట్లమీద పరపించిరి. మేము ఉన్న మూడు దినములును అవి అక్కడనే ఉన్నవి. రెండవ దినము నుండి వృద్ధులు కొందరు మెట్లు విడిచి ఆ పలకల మీదనే నడిచి పోవుట చూచితిని.

స్నానపు గది సంగతి కొంత వివరముగా చెప్పవలెను. ఇట్టి ప్రసంగములలో సాధారణముగా దీనిని దాటవేయుదురు. హోటలులో చక్రాల కుర్చీవారికి అన్నిటికంటె పెద్ద ప్రశ్న సముద్రము కాదు, భోజనము కాదు. మరుగుదొడ్డిలోనికి ఒంటరిగా పోవచ్చునా లేదా అన్నదే. నావంటి స్త్రీలు ప్రయాణమునకు ముందు దినము నుండియే నీళ్లు త్రాగుట తగ్గింతురు. రైలులో త్రాగరు, బస్సులో త్రాగరు, క్రొత్త హోటలు చేరి ఆ తలుపు చూచువరకు త్రాగరు. ఇది మూత్రపిండములకు ఎంత కీడో వారికి వైద్యులు చెప్పనక్కరలేదు. అయినను అదే చేయుదురు.

నా కుర్చీ వెడల్పు, చేతితో త్రిప్పు కడియములతో కలిపి, ఇరువదియైదు అంగుళములు. ఆ గదిలోని స్నానపు గది ద్వారబంధము లోకొలత ఇరువదియారు. కాని తలుపు తెరచినప్పుడు రెక్క మందము, బందుల మందము కలిసి అంగుళమున్నర మ్రింగినవి, మిగిలినది ఇరువదినాలుగున్నర. అర అంగుళము తక్కువ. లోపల చలువరాళ్లు, వేడినీళ్ల గీజరు, అద్దము చుట్టు దీపములు, అన్నియు ఉన్నవి. వాకిటి నుండి వానిని చక్కగా చూడవచ్చును.

మేనేజరుగారు మరియొక గది చూపుదుమనిరి. అన్ని గదుల తలుపులును ఒకే కొలత. అప్పుడు మా అక్క కూతురు, తలుపు రెక్క ఊడదీసి తెర కట్టింపుడనెను. వడ్రంగి వచ్చి అరగంటలో మూడు బందులను విప్పెను. ఇరువదియారు అంగుళములు లభించినవి; ఇరువైపుల అర అంగుళము చొప్పున. వ్రేళ్ల కణుపులు గీచుకొనినవి గాని కుర్చీ లోనికి పోయినది. స్నానమునకు ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఇచ్చిరి. దాని కాళ్లు తడినేల మీద జారకుండ క్రింద రబ్బరు పట్టా పరచితిమి. మరుగుదొడ్డి ప్రక్కన పట్టుకొనుటకు కడ్డీ లేదు. తువాళ్లు వ్రేలాడదీయు గొట్టమున్నది గాని, దానిని పట్టుకొని ఎవరును శరీరభారము మోపరాదు. అది తువాలు బరువుకే బిగించినది. గీజరు మీట నిలుచున్న మనిషి భుజము ఎత్తున ఉండెను. ఊతకర్ర కొనతో నొక్కితిని.

భోజనశాలలో జరిగినది చిన్న విషయమే. వడ్డించువాడు నా ప్రక్కనే నిలిచి మా అక్కను, “ఆవిడేం తింటారమ్మా?” అని అడిగెను. అక్క నవ్వి, “నీకేం తెలుసు, ఆవిడే నన్నిక్కడికి తీసుకొచ్చింది” అనినది. మరునాటి నుండి అతడు నన్నే అడిగెను. పెసరట్టులో ఉల్లి ఎక్కువ వేయించెను కూడ.

మనలను ఏ పేరున పిలువవలెనన్న చర్చ పెద్దగానే జరుగుచుండును. వికలాంగులనిరి, విభిన్న ప్రతిభావంతులనిరి, ఇప్పుడు దివ్యాంగులనుచున్నారు. నాలో దివ్యత్వమేమియు నాకు కనబడలేదు. నాకు కావలసినది ముప్పదియారు అంగుళముల తలుపు.

ఇది దయతో ఇచ్చునదియు కాదు. వికలాంగుల హక్కులను గూర్చిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశము 2007లో ధ్రువీకరించినది. వినోదము, విశ్రాంతి, పర్యాటక స్థలములు వీరికి అందుబాటులో ఉండవలెనని దాని ముప్పదవ అధికరణము చెప్పుచున్నది. తరువాత వచ్చిన 2016 చట్టము, ప్రజలు వచ్చిపోవు ప్రైవేటు భవనములను కూడ ప్రజాభవనములుగానే లెక్కించినది. ఉన్న భవనములను సరిచేయుటకు నియమములు వెలువడిన నాటి నుండి ఐదేండ్లు గడువిచ్చినది. ఆ నియమములు 2017 జూనులో వచ్చినవి. గడువు ఎప్పుడు తీరినదో శ్రోతలే లెక్క వేసికొనవచ్చును. ఆ నియమములలో కొలతలు తప్పనిసరిగా కాక సలహాలుగా ఉన్నవని, అట్టి నియమము చట్టమునకు విరుద్ధమని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తప్పక పాటింపవలసిన కనీస కొలతలను మూడు నెలలలో నిర్ణయింపుమని కేంద్ర ప్రభుత్వమును ఆదేశించినది. నక్షత్రముల వర్గీకరణకు కేంద్ర పర్యాటక శాఖ ఏర్పరచిన నిబంధనలలో వికలాంగుల కొరకు ఒక గది, మీటరు వెడల్పు తలుపు, పట్టుకొను కడ్డీలు చెప్పబడినవి. కాని నక్షత్రములు కోరుట హోటలువారి ఇష్టము.

ఆ ఒక్క గదిని గూర్చియు ఒక మాట. నేను చూచిన పెద్ద హోటళ్లలో అది తరచుగా క్రింది అంతస్తున, వెనుకవైపున, జనరేటరుకో కార్ల షెడ్డుకో ఎదురుగా ఉండును. కొన్నిచోట్ల అందులో పాత పరుపులు పేర్చియుంచుదురు. ఎవరును రారు కదా అందురు. సముద్రము చూచుటకు సొమ్ము చెల్లించినవారికి కార్ల షెడ్డు చూపుట ఏమి న్యాయము? లిఫ్టు ఉన్నప్పుడు ఆ గది మూడవ అంతస్తున ఉండకూడదా?

సముద్రము దగ్గరకు పోవుట మరియొక కథ. ఇసుకలో కుర్చీ ముందు చక్రములు నాలుగు గజములకే కూరుకొనిపోవును. చెన్నైలో మెరీనా ఇసుక మీదుగా అలల దగ్గర వరకు చెక్కలతో కట్టిన బాటను 2022 నవంబరు 27న తెరచిరి. పొడవు 263 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు. రెండు వారములు గడువకముందే మాండూస్ తుపాను వచ్చి దాని కొసను విరుగగొట్టినది, తరువాత బాగుచేసిరి. అది తెరచినప్పుడు, నీళ్లను ఎన్నడును తాకనివారు తాకిరని పత్రికలు వ్రాసినవి. నేను విశాఖలో మాత్రము రామకృష్ణా బీచి కాలిబాట మీదనే ఉండి చూచితిని. అక్క, పిల్ల క్రిందికి దిగిరి. పిల్ల ఒక చెంబుతో ఉప్పునీళ్లు తెచ్చి నా పాదముల మీద పోసెను. అందుకు సంతోషించితిని, కోపమును వచ్చినది.

బయలుదేరు దినమున మేనేజరుగారు, అన్నియు సరిచేయుటకు ఎంత కావలెనని అడిగిరి. నిజముగా తెలిసికొనగోరియే అడిగిరి. ముందు వాకిట పదునెనిమిది అడుగుల వాలుబాట. ఒక్క గదిలో వెడల్పైన ద్వారబంధము, వెలుపలికి తెరచుకొను తలుపు. గోడలో లోతుగా దిగిన రెండు ఉక్కు కడ్డీలు. నాలుగడుగుల ఎత్తున గీజరు మీట. కుర్చీ తిరుగుటకు ఐదడుగుల జాగా. ఒక కాగితము మీద ఇవి వ్రాసియిచ్చితిని. చక్రాల కుర్చీవారు ఒంటరిగా రారు, మేము వచ్చినట్లు ముగ్గురుగా వత్తురు, భోజనమును ఇక్కడనే చేయుదురు అని కూడ చెప్పితిని. ఆయన కాగితము చదివి, వడ్రంగిని మరల పిలిపించి, ఊడదీసిన తలుపును ఆ గదికి తిరిగి బిగింపవలదని చెప్పిరి.