వట్టి చేతులతో పంపవద్దు

ఈ దినము మన ధ్యానము కొరకు వాక్యభాగము ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయము, 12 నుండి 15 వచనములు. బైబిలు దగ్గర ఉన్నవారు తెరచి పెట్టుకోండి.

ఆరు సంవత్సరములు సేవ చేసిన హెబ్రీ దాసుని ఏడవ సంవత్సరమున విడిపించాలి. అంతవరకు మనకు తెలిసినదే. తరువాతి మాటను చాలామంది గమనించరు. విడిపించేటప్పుడు వట్టి చేతులతో పంపకూడదు. మందలో నుండి, కళ్ళములో నుండి, గానుగలో నుండి ధారాళముగా ఇచ్చి పంపాలి. ఇక్కడ వాడిన హీబ్రూ మాట మెడలో వేసే హారము నుండి వచ్చినదని సెమినరీలో మా గురువుగారు చెప్పారు. పని ముగించి వెళ్ళే మనిషిని హారము వేసి సాగనంపినట్టు పంపమని అన్నమాట. దాసునికే అలాగైతే, జీతానికి కుదిరినవాని మాటేమిటి?

మల్లాపూర్ మండలము వారికి ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ సంగతి నేను చెప్పనక్కర లేదు. 2015 డిసెంబరులో బోధన్, మెదక్ ఫ్యాక్టరీలతో పాటు అక్కడా లే ఆఫ్ ప్రకటించారు. లే ఆఫ్ అంటే తీసివేయడము కాదు, పని ఇవ్వకపోవడము. కార్మికుడు ఉద్యోగములో ఉన్నట్టూ కాదు, మానినట్టూ కాదు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. బకాయిల కోసం కార్మికులు ఏండ్ల తరబడి తిరిగారు.

ఇది ఎవరో దయతలచి ఇచ్చే సొమ్ము కాదు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టము ప్రకారము, అయిదేండ్లు నిండిన పనివానికి ఏడాదికి 15 రోజుల వేతనము చొప్పున, చివరి జీతము మీద లెక్కకట్టి, 30 రోజుల లోపల ఇవ్వాలి. 2025 నవంబరులో దాని స్థానములో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. ఆ 15 రోజుల లెక్క మారలేదు. ఇవ్వకపోతే కార్మిక శాఖ అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ప్రియులారా, ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2018లో మా సంఘములోని ఒక అన్న సౌదీ నుండి తిరిగి వచ్చాడు. పదకొండేండ్లు ఒకే కంపెనీలో చేశాడు. అక్కడి చట్టములో మొదటి అయిదేండ్లకు ఏడాదికి సగము నెల, ఆ పైన ఏడాదికి ఒక నెల జీతము. కాంట్రాక్టు ముగిసి వచ్చినవాడు కనుక ఎనిమిదిన్నర నెలల జీతము రావాలి. టికెట్ చేతికిచ్చి, అరబ్బీ కాగితము మీద సంతకము పెట్టించుకొని పంపేశారు.

"అయ్యగారూ, నా సర్వీసు పైసలు ఇయ్యలే. ఏం జెయ్యాలె?" అని అడిగాడు.

"విడిచిపెట్టు అన్నా, క్షమించు. దేవుడు వేరే దారి చూపిస్తాడు" అన్నాను.

అక్కడ ఫిర్యాదు చేయడానికి పని ముగిసిన నాటి నుండి 12 నెలలే గడువు. నాకు తెలియదు, తెలుసుకోలేదు. ఎంబసీ ద్వారా అర్జీ పెట్టిన మరొకాయన కొంత సొమ్ము రాబట్టుకున్నాడని విన్నాము. అప్పటికి మా అన్న గడువు దాటి రెండు నెలలైంది. బిడ్డ పెండ్లికి చేసిన అప్పు మీద వడ్డీని ఆయన భార్య బీడీలు చుట్టి కట్టింది. ఆ ఆదివారము కూడా ఆయన కానుక సంచిలో ఎప్పటిలాగే వేశాడు. నేను తల ఎత్తలేకపోయాను.

క్షమించడము ఆయన చేతిలోనిది. ఆయన కూలిని ఆయన తరఫున వదులుకునే అధికారము నాకు ఎవరిచ్చారు? యాకోబు పత్రిక 5వ అధ్యాయము 4వ వచనములో, బిగబట్టిన కూలియే మొఱ్ఱపెడుతుంది. దాని నోరు నేను మూసాను. లూకా 18లో విధవరాలు అన్యాయపు న్యాయాధిపతి గుమ్మానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. ఇంటికి పొమ్మని ప్రభువు ఆమెను కసరలేదు. ప్రార్థన ఎలా చేయాలో చెప్పడానికి ఆమెనే చూపించాడు.

గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్ళూ, తెలియని భాషలో లెక్క ముట్టిందని సంతకము పెట్టవద్దు. కాంట్రాక్టు, జీతపు చీటీలు, అకామా నకళ్ళు ఇంటికి పంపి ఉంచండి. డబ్బు తేలకముందే రావలసి వస్తే, అక్కడ నమ్మకమైన మనిషికి ఎంబసీ ద్వారా పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి రండి. విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఇంటి దగ్గరి నుండి కూడా ఫిర్యాదు పెట్టవచ్చు. మా సంఘములో ఆరాధన అయ్యాక ఒక టీచర్ గారు కూర్చొని అర్జీలు రాసిపెడుతున్నారు. ఏ సంఘమువారైనా, ఏ మతమువారైనా రావచ్చు.

ప్రార్థన చేసుకుందాము. పరలోకపు తండ్రీ, కూలి ముట్టక తిరుగుతున్న వారిని జ్ఞాపకము చేసుకొనుము. వారికి అలసిపోని కాళ్ళు, మాకు తెలుసుకొనే మనస్సు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.