ఇంటికి ఇంటర్నెట్: ఎవరివద్ద తీసికొనవలెను?

కాగజ్‌నగరమునకు ఆ పేరు కాగితమువలన వచ్చినది. 1942లో సిర్పూరు పేపరు మిల్లు ఉత్పత్తి మొదలైనప్పటినుండి ఈ ఊరి కొలువులు, దుకాణములు, బడులు ఆ మిల్లు చుట్టునే పెరిగినవి. 2014లో మిల్లు ఆగినది. 2018లో జె.కె. పేపరు సంస్థ చేతికి వచ్చి తిరిగి నడచినది. కాగితము చేయు ఈ ఊరిలో కూడ నేడు పరీక్ష దరఖాస్తు, హాల్ టికెట్టు, ఉద్యోగ ప్రకటన కాగితముగా రాక తీగవెంట వచ్చుచున్నవి. కావున ఇంటికి ఇంటర్నెట్ ఎవరివద్ద తీసికొనవలెనను ప్రశ్న నేడు ప్రతి గృహస్థునకు ఎదురగుచున్నది.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశమున ఇంటర్నెట్‌ను ప్రజలకు అందించినప్పుడు ఎంచుకొనుటకు మరియొకరు లేరు. నేడు ప్రభుత్వ సంస్థ కలదు, పెద్ద ప్రైవేటు సంస్థలు కలవు, ఊళ్ళలో కేబులువారును కలరు. అందరి ప్రకటనలును ఒకే తీరుగా ఉండును.

ఈ విషయమున మేమును ఒకమారు పొరబడితిమి. వేగము ఎక్కువ, ధర తక్కువ అని విని ఒక సంస్థకు సంవత్సరపు సొమ్ము ఒక్కసారే కట్టితిమి. శ్రావణమాసపు వానలో చెట్టు కొమ్మ విరిగి వీధి మలుపున తీగ తెగినది. ఫోను చేసిన ప్రతిసారి “రేపు వచ్చెదము” అనిరి. ఆరు రోజులు గడచినవి. ఆరవనాడు మా అమ్మాయి ఉద్యోగ దరఖాస్తునకు చివరి గడువు. ఆ వానలో ఫోను సిగ్నలు కూడ నిలువలేదు. రాత్రి తొమ్మిది గంటలకు సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకొని, గొడుగు పట్టుకొని, అమ్మాయిని వెంటబెట్టుకొని వెనుక వీధిలోని పరిచితుల ఇంటికి పోతిమి. వారి కనెక్షను వేగము మాదానిలో సగము లేదు. కాని ఆ రాత్రి పనిచేసినది. గడువు లోపల దరఖాస్తు చేరినది. తీగ తెగినచో ఎవరు వచ్చి అతుకుదురని మేము ముందుగా అడుగలేదు. మా పొరపాటు అదియే.

కావున కనెక్షను తీసికొనుటకు ముందు మీ వీధిలో నాలుగిండ్లకు వెళ్ళి విచారింపుడు. నిరుటి వానలలో లైను ఎన్ని రోజులు పోయినది? ఫిర్యాదు చేసిన ఎన్నాళ్ళకు మనిషి వచ్చినాడు? రాత్రి ఎనిమిది గంటలకు వీడియో ఆగి ఆగి వచ్చుచున్నదా? ప్రక్క వాడలో బాగుగా నడచు సంస్థ మీ వాడలో అట్లు నడవకపోవచ్చును. అక్కడి స్తంభములు వేరు, తీగ చూచు మనిషి వేరు.

పిమ్మట వేగపు లెక్క. ప్రకటనలో 100 అని ఉన్నచో అది సెకనుకు 100 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక అది పండ్రెండున్నర మెగాబైట్లే. నలుగురున్న ఇంటికి 40, 50 మెగాబిట్లు నిలకడగా వచ్చినచో చాలును. ‘అన్‌లిమిటెడ్’ అను మాటవెనుక తరచుగా నెలకు ఇంత డేటా అను హద్దు ఉండును. అది దాటినపిమ్మట వేగము ఎంతకు తగ్గునో అడుగుడు. 2023నాటి ప్రభుత్వ నిర్వచనము ప్రకారము బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకొనుటకు 2 మెగాబిట్లున్నను సరిపోవును.

ధరను 18 శాతము జి.ఎస్.టి.తో కలిపి అడుగుడు. వైఫై డబ్బా ఎవరిది, దానికి కట్టిన డిపాజిట్టు తిరిగి వచ్చునా అనునది రసీదుమీద వ్రాయించుకొనుడు. మొదట ఒక నెలకే కట్టి చూడుడు. మరియొక మాట: పాత టెలిఫోను రాగితీగ ఎక్స్చేంజినుండి విద్యుత్తును కూడ తెచ్చెడిది. ఫైబరు తీగలో వచ్చునది వెలుగు మాత్రమే. కరెంటు పోయినచో డబ్బాయు ఆగును. దానికొక చిన్న బ్యాటరీ అవసరము.

బెజ్జూరు, కౌటాల వైపు పల్లెలలో తీగ రాని ఇండ్లవారు సెల్ టవరు సంకేతము అందుకొను డబ్బాను కొనుటకు ముందు, ఆ సంస్థ సిమ్మునే ఫోనులో వేసి, సాయంకాలము ఇంటి లోపల కూర్చుండి పరీక్షింపవలెను.

లైను పోయినప్పుడు ఫిర్యాదు సంఖ్యను అడిగి వ్రాసికొనుడు. పని కానిచో, 2012 నిబంధనల ప్రకారము అదే సంస్థలోని అప్పీలు అధికారికి వ్రాయవచ్చును. టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్ ఒక్కొక్కరి తగవును తీర్చదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రము నంబరు 1915.

మేమిప్పుడు నెలనెలా కట్టుచున్నాము. వెనుక వీధివారు తీసికొన్న సంస్థవద్దనే తీసికొంటిమి. తీగ చూచు మనిషి ఫోను నంబరు డబ్బా ప్రక్కన గోడమీద వ్రాసి ఉన్నది. వ్రాసినది మా అమ్మాయి.