నడకకూ జ్ఞాపకం ఉంటుంది

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

డ్రిల్లు మాస్టారు ఈల వేసి 'లెఫ్ట్, రైట్' అంటుంటే అడుగు తప్పి వరస చివరికి వెళ్లినవాళ్లలో నేనొకణ్ని. ఈరోజు నేను నడక గురించి మాట్లాడుతుంటే ముందు వరసలో మాస్టారు నవ్వుతున్నారు. నవ్వాల్సిందే.

నా ఉద్యోగమంతా యంత్రాల కంపనాలు కొలవడంలోనే గడిచింది. బేరింగు మీద సెన్సారు పెట్టి లయ ఎక్కడ తప్పుతోందో చూడటం మా పని. హెచ్చుతగ్గులు ఎంత తక్కువుంటే యంత్రం అంత ఆరోగ్యంగా ఉన్నట్టు. మనిషి నడకకు ఈ లెక్క సరిపోదని తెలియడానికి మా నాన్నగారికి పార్కిన్సన్స్ రావలసి వచ్చింది.

సాయంత్రం వీధి మలుపులో ఆయన చెప్పుల చప్పుడు వినగానే అమ్మ కాఫీకి నీళ్లు పెట్టేది. డాక్టరు జబ్బు పేరు చెప్పడానికి రెండేళ్ల ముందే ఆ చప్పుడు మారింది. "మీ నాన్నగారు కాళ్లీడుస్తున్నార్రా" అంది అమ్మ. "వయసు కదమ్మా" అన్నాను. మోటారు చప్పుడు మారిందంటే అర్ధరాత్రి పరుగెత్తేవాణ్ని, ఇంట్లో చప్పుడు మాత్రం వినలేదు.

ఆ తర్వాతే చదవడం మొదలుపెట్టాను. 1990లలో అమెరికాలోని బోస్టన్‌లో జెఫ్రీ హౌస్‌డార్ఫ్, ఆరీ గోల్డ్‌బెర్గర్ బృందం పాదం కింద ఒత్తిడిని పసిగట్టే పల్చటి సెన్సార్లు పెట్టి మనుషుల్ని నడిపించింది. ఒక మడమ నేలకు తగిలినప్పటి నుంచి మళ్లీ అదే మడమ తగిలేదాకా పట్టే సమయం, దాదాపు ఒక సెకను, వాళ్ల కొలత. అది ఒకసారి కాస్త ఎక్కువ, ఒకసారి కాస్త తక్కువ. మనమైతే ఆ తేడాల్ని పట్టించుకోం. ఆరోగ్యవంతుల్లో ఇప్పటి అడుగుకు ఎంతో వెనకటి అడుగులతో సంబంధం ఉంటుందని వాళ్లు 1995లో చూపించారు. అవే అంకెల్ని పేకముక్కల్లా కలిపేస్తే సగటు మారదు, హెచ్చుతగ్గులూ మారవు. ఆ సంబంధం మాత్రం మాయమైపోతుంది. సంగతంతా వరసలోనే ఉందన్నమాట.

దాన్ని కొలవడానికి ఒక అంకె ఉంది. 0.5 అయితే ప్రతి అడుగూ కిందటి అడుగుల్ని మరిచిపోయినట్టు. 1కి దగ్గరపడేకొద్దీ జ్ఞాపకం నిలిచినట్టు. 1997లో అచ్చయిన వాళ్ల అధ్యయనంలో పడుచువాళ్లకు సగటున 0.87, వృద్ధులకు 0.68 వచ్చింది. మెదడులో నాడీకణాలు క్రమంగా నశించే హంటింగ్టన్స్ జబ్బున్నవాళ్లకు 0.60.

పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు 15 మంది, హంటింగ్టన్స్ 20 మంది, ఎ.ఎల్.ఎస్. 13 మంది, ఏ జబ్బూ లేనివాళ్లు 16 మంది. వీళ్ల నడకల కొలతలు ఫిజియోనెట్‌లో ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఒక ఆదివారం తీసుకుని గీతలు గీశాను. ఆరోగ్యవంతుల గీత సన్నగా అలలా సాగింది. హంటింగ్టన్స్ వాళ్ల గీతలు చాలా వరకు ఎగిరెగిరి పడ్డాయి. పార్కిన్సన్స్ గీతల్లో మా నాన్నగారు ఏ గీతలా ఉంటారా అని చాలాసేపు వెతికాను.

ఒక్క మాట. ఈ అంకె చూసి ఎవరూ జబ్బు పేరు చెప్పుకోవద్దు. వయసు కూడా దాన్ని తగ్గిస్తుందని ఇందాకే చెప్పాను. చేతికి కట్టుకునే గడియారం ఏం చెప్పినా చివరికి డాక్టరు చూడాల్సిందే.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది 1996 నాటి పరిశోధన. ఆరోగ్యవంతుల్ని మెట్రోనోమ్ టిక్కుటిక్కుకు తగ్గట్టు నడవమంటే వాళ్ల అడుగుల్లోని ఆ జ్ఞాపకం పోయింది! మాస్టారూ, మీ ఈల మాకు చేసింది అదే. కానీ పార్కిన్సన్స్‌లో లోపలి తాళం దెబ్బతింటుంది కాబట్టి, బయటి తాళం చాలామందికి ఊతమవుతుంది. నాన్నగారికి గుమ్మం దగ్గర కాలు నేలకు అతుక్కుపోయేది. ఫిజియోథెరపిస్టు చెబితే, పక్కన నిలబడి మాస్టారి గొంతుతో "లెఫ్ట్, రైట్" అనడం మొదలుపెట్టాను. మూడోసారికి కాలు లేచింది. గుమ్మం దాటాక ఆయన ఆగి, నా కాళ్లవంక చూసి, "నువ్వింకా అడుగు తప్పుతూనే ఉన్నావురా" అన్నారు.